ఖొరోగ్‌కి నలభై అయిదు నిమిషాలు

ఏప్రిల్ 3

ఇవాళ పొద్దున ఆయన చాయ్ పోసుకుంటూ ఆగలేదు. పియాలా నిండింది, కింది పళ్ళెం నిండింది, బల్ల మీద గుడ్డ తడిసింది, చాయ్ ధారగా ఆయన మోకాళ్ళ మీదికి కారింది. కెటిల్ అలాగే వంచి పట్టుకుని కిటికీ వైపు చూస్తున్నారు. కాలుతున్న సంగతి కూడా తెలిసినట్టు లేదు. "అస్లిద్దీన్" అని పిలిచాను. మళ్ళీ గట్టిగా పిలిచాను. ఏదో నములుతున్నట్టు పెదవులు కదిలాయి. కాసేపటికి కెటిల్ కిందపెట్టి, "ఈ గుడ్డ ఎవరు తడిపారు?" అని నన్నే అడిగారు.

"నేనే. చెయ్యి తగిలింది" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. ఆయన ప్యాంటు మార్చుకుని, టోపీ సర్దుకుని, ఎప్పటిలాగే ఈల వేస్తూ మెట్లు దిగి విమానాశ్రయానికి వెళ్ళారు. మధ్యాహ్నం ఖొరోగ్ నుంచి ఫోను చేశారు. "దిగాం" అన్నారు. రోజూ అనే మాటే. అది విన్నాకే ఆ బల్లగుడ్డ ఉతికి ఆరేశాను.

ఏప్రిల్ 4

నిద్ర చాలలేదు. అంతే. కింది అంతస్తులో పెళ్ళి, రెండు రోజులుగా డప్పులు. నిద్ర చాలకపోతే ఎవరికైనా చెయ్యి ఆగదు.

ఏప్రిల్ 6

ఈ డైరీని ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను. కుట్టు దుకాణంలో ఇవాళ సూదులు విరగ్గొట్టాను. ఆయన విమానం బయలుదేరే వేళకి మెషిన్ మీద కాలు పెట్టకూడదని నాకు తెలుసు, అయినా పెట్టాను.

దుషాన్‌బె నుంచి ఖొరోగ్‌కి గాల్లో నలభై అయిదు నిమిషాలు. రోడ్డు మీద అయితే తెల్లవారుజామున జీపెక్కినవాడు చీకటి పడ్డాక దిగుతాడు, అదీ ఎక్కడా కొండచరియ విరిగి పడకపోతే. నేను ఖొరోగ్ పిల్లని, రెండు దార్లూ నా ఒంటికి తెలుసు. మా చిన్న విమానం ఆ కొండల పైనుంచి ఎగరదు, వాటి మధ్యనుంచి దూరుతుంది. రుషాన్ కిటికీ అంటారు దాన్ని. రెక్కలకి అటూ ఇటూ రాయి. అక్కడికి రాగానే లోపల మాటలు ఆగిపోతాయి, ఏడ్చే పిల్లలు కూడా ఊరుకుంటారు. ఇరవై ఆరేళ్ళ కిందట అలా నోరు మూసుకుని కూర్చున్న ఒక ప్రయాణికురాలిని చూసి నవ్విన రెండో పైలటే ఈయన. దిగాక నా సంచీ మోశారు.

ఇంతకాలం ఆ నలభై అయిదు నిమిషాల గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. భయం ఉండేది, కానీ అది చెప్పులో చిన్న రాయిలాంటిది, నడవడం ఆపేది కాదు.

"ఏమే బేగిమ్, నీ మొహం చూస్తే విమానం నువ్వే నడుపుతున్నట్టుంది!" అంది రైసా అక్క. ఆమె తాతార్ మనిషి. ఈ దుకాణం ఆమెదే. నోటికి మూత లేదు, మనసులో మడత లేదు.

"తలనొప్పి అక్కా."

"నీ తల నొప్పెడుతుంటే మధ్యలో నా సూదులేం చేశాయి? లేచి చాయ్ పెట్టు. నీ మొగుడు దిగాక మళ్ళీ కుడుదువు గాని."

ఆమెకి ఎలా తెలుసు? తెలియదు. ఊరికే అంది.

ఫోను మోగింది. "దిగాం."

ఏప్రిల్ 8

మబ్బు. పొద్దున్నే కిటికీ తెరిచి చూస్తే కొండలే లేవు. విమానం రద్దు. నాకు ఎంత సంతోషమైందంటే, కురుతోబ్ చేశాను, రొట్టె తుంచి, మజ్జిగ పులుపు సరిగ్గా కుదిరేదాకా కలిపి, ఉల్లికాడలు చల్లి, పెద్ద చెక్క పళ్ళెంలో పెట్టాను.

ఆయన రెండు ముద్దలు తిని లేచారు. బాల్కనీలోకి పోయి ఆకాశం చూస్తారు, లోపలికి వస్తారు, మళ్ళీ పోతారు. "ఇంట్లో కూర్చోబెడితే నేను చచ్చిపోతాను బేగిమ్" అన్నారు. నవ్వుతూనే.

ఏప్రిల్ 9

మబ్బు. దేవుడికి దండం.

ఏప్రిల్ 11

నిన్న ఆకాశం విచ్చింది, ఆయన వెళ్ళి వచ్చారు. ఇవాళ సెలవు. బాల్కనీలో బూట్లకి రంగు వేసుకుంటూ, ఆవుకు దూడ పుట్టిందన్నంత మామూలుగా చెప్పారు.

"నిన్న ఒక కొండ పోయింది."

"కొండ పోవడమేంటి?"

"రుషాన్ కిటికీలోకి దూరతామా, ముందు ఎడమ పక్క నల్లకొండ వస్తుంది. తర్వాత మంచు చరియ. తర్వాత నది. నిన్న నల్లకొండ వచ్చింది. వెంటనే నది. మధ్యలో చరియ రానే లేదు."

"మబ్బు కమ్మి ఉంటుంది."

"ఎక్కడి మబ్బు? అద్దంలా ఉంది."

నేను ఆరేసిన బట్టలు తీస్తున్నాను. తీసిన చొక్కానే మళ్ళీ ఆరేశాను.

"పక్క సీట్లో సియావుష్ ఏమన్నాడు?"

"వాడేమంటాడు? కెప్టెన్, వింటున్నారా అన్నాడు. ఏదో అడిగాట్ట, నేను పలకలేదట. అప్పుడు విమానం వాడి చేతిలోనే ఉందిలే."

"మీ చేతిలో ఉంటే?"

బ్రష్షు ఆగింది. చాలాసేపు బూటు ముక్కు వైపే చూశారు. ఆ చూపు చాయ్ నాటి చూపు కాదు, ఈసారి ఆయన ఇక్కడే ఉన్నారు. అది ఇంకా కష్టంగా ఉండింది.

"ఇంకొక్క వేసవి బేగిమ్. శరత్కాలం రాగానే నేనే దిగిపోతా. నా అంతట నేను దిగిపోతా."

"ఊళ్ళో ఎవరైనా డాక్టరుకి చూపిద్దాం. మీవాళ్ళకి తెలియకుండా."

"ఒక్క కాగితం పుడితే చాలు, దానికి కాళ్ళొచ్చి విమానాశ్రయానికి నడిచొస్తుంది. మొన్న మార్చిలోనే కదా మెడికల్ బోర్డు చూసింది. గుండె గుర్రం గుండెలా ఉందన్నారు. ఎవరికీ చెప్పనని నాకు మాటివ్వు."

"చెప్పను."

"రైసాకి కూడా."

"చెప్పనన్నాను కదండీ."

ఏప్రిల్ 12

పక్కన రెండో పైలట్ ఉంటాడు. అందుకే కదా ఇద్దరిని కూర్చోబెట్టేది.

ఏప్రిల్ 15

ఇవాళ తన పెళ్ళి అంగీ తీసుకోవడానికి మా ఊరి అమ్మాయి వచ్చింది. పేరు సావ్‌రినిస్సో. బుగ్గలు ఎర్రగా, మాట గలగలా. పెళ్ళి ఖొరోగ్‌లో. రేపు విమానంలో వెళ్తారట, తను, అన్నయ్య, వదిన, వాళ్ళ చంటిపిల్ల, అమ్మమ్మ.

"మా అమ్మమ్మకి విమానమంటే చచ్చేంత భయం. జీపులో పోదామని ఒకటే గొడవ. నడిపేది అస్లిద్దీన్ గారని చెప్పగానే నోరు మూసేసింది! ఆయనైతే ఎక్కుతానంది. మీ ఆయనేనట కదా ఆంటీ?"

"మా ఆయనే."

"మీకెంత ధైర్యమో కదా!"

అంగీ అంచు మీద ఎర్రదారంతో పువ్వులు కుట్టి ఉన్నాయి. ఒక పువ్వు కాస్త వంకరగా వచ్చింది, విప్పి మళ్ళీ కుట్టి ఇస్తానన్నాను. రేపు కుదరదు, ఇంకో రెండు రోజులు పడుతుంది అందామనుకున్నాను. ప్రయాణం ఆగిపోయేది. రేపు కాక ఎల్లుండి అయినా నడిపేది ఆయనే కదా అని కూడా అనుకున్నాను. చివరికి అరగంటలో కుట్టి ఇచ్చేశాను. పువ్వు చక్కగా వచ్చింది.

రైసా అక్క నన్నే చూస్తోంది. ఏమీ అడగలేదు. ఆమె అడగకపోవడం ఇదే మొదటిసారి.

ఏప్రిల్ 16

"దిగాం."

చూశావా, దిగారు. ఏమైంది? ఏమీ కాలేదు. చంటిపిల్ల కూడా దిగింది.

ఏప్రిల్ 19

అమ్మ ఫోను చేసింది. ఖొరోగ్ డాక్టరు చూశాడట, రెండు కళ్ళల్లోనూ పొర ముదిరిందట, దుషాన్‌బెలో ఆపరేషన్ చేయించుకోమన్నాడట. "శుక్రవారం వస్తున్నా. అల్లుడు వెనక్కి వచ్చేటప్పుడు ఆయన విమానంలోనే" అంది.

ఆ మాట వినగానే నా నోట్లోంచి ఎన్ని అబద్ధాలు వచ్చాయో! రోడ్డు ఇప్పుడు బాగు చేశారన్నాను. మన పొరుగు కుర్‌బోన్‌షా జీపులో ముందు సీటు మెత్తగా ఉంటుందన్నాను. మధ్యలో కలై-ఖుమ్‌లో ఆగి చేపలు తినొచ్చన్నాను. పైకి ఎగిరితే కంటి పొరకి మంచిది కాదట, ఎవరో చెప్పారన్నాను.

"ఎవరు చెప్పారు?"

"ఒక డాక్టరు."

"ఆ డాక్టరుకి పేరు లేదా?"

లైను సరిగా లేదని చెప్పి పెట్టేశాను.

ఏప్రిల్ 20

అమ్మ మోకాళ్ళు అసలు వంగవు. జీపులో పొద్దుటినుంచి చీకటిదాకా ఎలా కూర్చుంటుంది? కూర్చోవాలి. కూర్చుంటుంది. రోడ్డు నిజంగానే కాస్త బాగుపడింది.

ఏప్రిల్ 21

అమ్మ మళ్ళీ ఫోను చేసింది. మా అమ్మ జరీఫ్‌మో నలభై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పింది. ఎదుటివాడి మొహంలో తప్పు ఏ వరుసలో ఉందో కనిపెడుతుంది. మొహం కనబడకపోయినా కనిపెడుతుందని ఇవాళ తెలిసింది.

"ఏమే, మా డాక్టరుని అడిగాను. విమానానికీ కంటి పొరకీ ఏ సంబంధం లేదన్నాడు. నవ్వాడు కూడా."

"జాగ్రత్త కోసం చెప్పాను అమ్మా."

"రోడ్డు బాగుందన్నావు. వాంజ్ దగ్గర మొన్న చరియ విరిగి ఇద్దరు పోయారు. రేడియోలో చెప్పారు. నువ్వు వినలేదా?"

ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నన్ను ఇంటికి రానివ్వడం ఇష్టం లేదా?"

"అదేం మాట అమ్మా!"

"మరి నీ మొగుడి విమానం ఎక్కనివ్వడం ఇష్టం లేదా?"

గోడ గడియారం చప్పుడు నాకు వినబడింది. అమ్మకి కూడా వినబడే ఉంటుంది.

"ఓహో" అంది అమ్మ. గొంతు మారిపోయింది. చిన్నప్పుడు నా జ్వరం నుదుటి మీద చెయ్యి పెట్టకుండానే పోల్చేది, అదే గొంతు. "విమానానికా, అల్లుడికా?"

"ఏమీ లేదమ్మా."

"ఏమీ లేకపోతే నేనెక్కుతాను. ఏదో ఉంటే, నన్ను మాత్రం దింపేసి పక్కింటి ముసలమ్మని ఎక్కిస్తావా? ఆమె కూడా ఎవరికో అమ్మేనే. శుక్రవారం నేను టికెట్ తీసుకుంటున్నా. ఎందుకు ఎక్కకూడదో నువ్వే చెప్పు. చెప్పకపోతే ఎక్కి కూర్చుంటా."

పెట్టేసింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు.

ఏప్రిల్ 22

సియావుష్ వచ్చాడు. ఆయన దగ్గర తీసుకున్న సుత్తి తిరిగివ్వడానికట. ఆయన బజారుకి వెళ్ళారని చెప్పినా కూర్చున్నాడు. వాడికి ముప్పై ఏళ్ళు నిండలేదు, వాడికి ఈ దారి నేర్పింది ఈయనే. చాయ్ ఇచ్చాను. తాగకుండా పియాలాని తిప్పుతున్నాడు.

"వదినా, కెప్టెన్ ఇంట్లో బాగానే ఉంటున్నారా?"

"బాగానే ఉంటున్నారు. ఏం?"

"ఏం లేదు. బాగుంటే మంచిదే. రుషాన్ కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఈమధ్య విమానం నేనే తీసుకుంటున్నాను. ఆయనకి చెప్పను, ఊరికే చెయ్యి వేసి ఉంచుతాను. వదినా, ఆయన నాకు తండ్రి తర్వాత తండ్రి."

అంటే వీడికి కూడా తెలుసు. మేమిద్దరం ఒకే మూటని చెరో కొసా పట్టుకుని కూర్చున్నాం, మూటలో ఏముందో ఎవరూ అనలేదు. నాకు కొంచెం ప్రాణం లేచొచ్చింది. చెయ్యి వేసి ఉంచుతున్నాడు. చాలు. అమ్మ వస్తే రానీ.

గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ అన్నాడు, "శుక్రవారం మాత్రం నేను లేను వదినా. మా చెల్లి నిశ్చితార్థం, కూలోబ్ వెళ్ళాలి. నా బదులు కొత్త కుర్రాడు వస్తాడు. మంచివాడే. ఈ దారి ఇంకా సరిగా తెలీదు."

చాయ్ చల్లారిపోయింది. పారబోశాను.

ఏప్రిల్ 23

రేడియో: రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మళ్ళీ విన్నాను. నిర్మలంగా ఉంటుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పాను. రేపు ఒంట్లో బాగాలేదని చెప్పి ఉండిపొమ్మన్నాను.

"నాకేమైంది ఉండిపోవడానికి?"

"కొండ పోయింది."

"ఒక్కసారి పోయింది. నీతో సరదాగా చెప్పాను, అదీ నా తప్పే."

"రేపు మా అమ్మ ఎక్కుతోంది."

ఆయన మొహం ఎర్రబడింది. "మీ అమ్మ ఎక్కితే మరీ జాగ్రత్తగా నడుపుతాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క గీత పడిందా నా విమానానికి? ఒక్క మనిషికి ముక్కు చిట్లిందా?"

"సియావుష్ కూడా లేడు."

"సియావుష్‌తో ఏం మాట్లాడావు నువ్వు?"

గట్టిగా అరిచారు. కింది అంతస్తు వాళ్ళు రేడియో తగ్గించారు. నేను చాయ్ సంగతి చెప్పాలనుకున్నాను. నాలిక మీదికి వచ్చింది. పళ్ళేలు ఎత్తి వంటింట్లో పెట్టి వచ్చాను. చెప్పలేదు.

"నన్ను నేల మీద పడేస్తే, నువ్వు నాకు అన్నం పెట్టక్కర్లేదు బేగిమ్. అన్నం తినే మనిషి ఉండడు" అన్నారు.

ఏప్రిల్ 24

రాయాలని లేదు. అయినా రాస్తాను.

ఆయన బయలుదేరాక పావుగంట కూర్చున్నాను. తర్వాత తలగుడ్డ కట్టుకుని ట్రాలీబస్సు ఎక్కాను. ఎందుకు వెళ్తున్నావని ఎవరైనా అడిగితే టిఫిన్ మర్చిపోయారు, ఇవ్వడానికి అని చెప్దామని రొట్టె, ఉడికించిన గుడ్లు మూటకట్టుకున్నాను. బస్సులో నాకు నేనే అదే చెప్పుకున్నాను. టిఫిన్ ఇవ్వడానికి వెళ్తున్నాను.

విమానాశ్రయం గేటు దగ్గర కాపలా ముసలాయన నవ్వి లోపలికి వదిలాడు. ఖొరోగ్ ప్రయాణికులు అప్పటికే వచ్చి ఉన్నారు. మూటలు, పిండి సంచీలు, టీవీ పెట్టె ఒకటి. ఎవరి ఒళ్ళోనో ఒక పిల్ల బిస్కెట్టు చప్పరిస్తోంది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

ఎగిరేముందు పైలట్లని చూసే డాక్టరమ్మ గది వరండా చివర ఉంటుంది. నాడి, రక్తపోటు, ఊపిరి చూసి సంతకం పెడుతుంది. తలుపు సగం తెరిచి ఉంది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చుని ఉన్నారు, పక్కన కొత్త కుర్రాడు. డాక్టరమ్మ ఏదో జోకు వేసింది, ముగ్గురూ నవ్వారు. మూట చేత్తో పట్టుకుని వరండాలో నిలబడ్డాను. కాళ్ళు వెనక్కి తిరిగాయి. నిజంగా తిరిగాయి, నాలుగడుగులు వేశాను కూడా.

ఆ పిల్ల బిస్కెట్టు కింద పడేసి ఏడ్చింది. వాళ్ళమ్మ "ఇదిగో ఇదిగో, ఇప్పుడే విమానం ఎక్కుతాం, ఊఁ" అంటోంది, మా ఊరి యాసలో. నేను వెనక్కి వెళ్ళి తలుపు తోశాను.

"నువ్విక్కడేంటి?" అన్నారు ఆయన.

నేను ఆయన వైపు చూడలేదు. డాక్టరమ్మ వైపు చూసి చెప్పాను. "ఆయన ఉన్నట్టుండి ఎక్కడికో వెళ్ళిపోతున్నారు డాక్టర్. కళ్ళు తెరిచే ఉంటాయి. పిలిస్తే పలకరు. తర్వాత గుర్తుండదు."

ఆయన చేతికి కట్టిన పట్టీలోంచి గాలి బుస్సుమని పోయింది.

"ఎన్నిసార్లు చూశావమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

"రెండు."

"కెప్టెన్?" అంది ఆవిడ, చాలా మెల్లిగా.

ఆయన కాదంటారనుకున్నాను. నా పెళ్ళానికి పిచ్చి అంటారనుకున్నాను, అంటే నేను ఒప్పుకునేదాన్నేమో. ఆయన చొక్కా చెయ్యి కిందికి దించి గుండీ పెట్టుకున్నారు. గుండీ దొరకలేదు మొదట. టోపీ తీసి బల్ల మీద పెట్టి, నా పక్కనుంచి, నన్ను తాకకుండా వెళ్ళిపోయారు.

విమానం రద్దు. బయట అందరూ తిట్టుకున్నారు. "ఇంత మంచి ఆకాశం పెట్టుకుని!" అని టీవీ పెట్టె ఆయన అరుస్తున్నాడు. నేను వాళ్ళ మధ్యనుంచే నడిచి వచ్చాను. రొట్టె మూట ఇంకా నా చేతిలోనే ఉంది.

అమ్మకి ఫోను చేశాను. "విమానం రాదమ్మా" అన్నాను.

"అల్లుడెలా ఉన్నాడు?" అని అడిగింది అమ్మ. నాకు ఏడుపు ఆగలేదు.

ఏప్రిల్ 25

మాట్లాడలేదు.

ఏప్రిల్ 26

ఉప్పు అడిగారు. అది మాట కింద రాదు.

సియావుష్ వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళాడు. ఆయన తలుపు తియ్యలేదు, నన్ను తియ్యనివ్వలేదు.

ఏప్రిల్ 27

రోజంతా బాల్కనీలో కూర్చుంటున్నారు. ఎక్కడో విమానం చప్పుడైనా తల ఎత్తరు. అది నాకు భయంగా ఉంది. ఆయన అన్న మాట చెవిలో తిరుగుతోంది. వంటింటి కత్తులు అలమరలో పైకి పెట్టాను. పెట్టాక నా మీద నాకే అసహ్యం వేసి మళ్ళీ కిందికి దించాను. మళ్ళీ పైకి పెట్టాను.

రైసా అక్క ఇంటికి వచ్చింది. అంతా విన్నదట, ఊరంతా విన్నదట. "మంచి పని చేశావని చెప్పడానికి రాలేదే. అది నీకు ఇప్పుడు పనికిరాదు. ఇదిగో, సూప్ తెచ్చాను, వాడిచేత తాగించు" అంది.

తాగారు.

ఏప్రిల్ 28

దుకాణం నుంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీ. కోటు లేదు. బూట్లు లేవు. మెట్ల మీద, పెరట్లో, బజారులో, చాయ్‌ఖానాలో, ఎక్కడా లేరు. విమానాశ్రయానికి కూడా వెళ్ళాను, కాపలా ముసలాయన తల అడ్డంగా ఊపాడు. రోడ్డు దాటేటప్పుడు ఆయనకి అలా అయితే? నది ఒడ్డున అయితే?

చివరికి జీపుల అడ్డా దగ్గర కుర్‌బోన్‌షా తమ్ముడు చెప్పాడు. "మీ ఆయనా? పొద్దున్నే అన్నయ్య జీపులో ఖొరోగ్ వెళ్ళారు కదా. వెనక సీట్లో కూర్చున్నారు. అన్నయ్య నవ్వాడు కూడా, కెప్టెన్ గారూ రెక్కలు ఎక్కడ పెట్టారని."

ఏప్రిల్ 29

పొద్దున అమ్మ ఫోను. "రాత్రి నీ మొగుడు నా గుమ్మంలో మొహం ఆకుపచ్చగా పెట్టుకుని నిలబడ్డాడు. ప్రతి మలుపుకీ వాంతి చేసుకున్నాట్ట. ఉప్పు వేసి పాలచాయ్ ఇచ్చాను. పడుకున్నాడు."

"ఎందుకొచ్చారమ్మా?"

"నన్ను తీసుకుపోవడానికట. ఆ శుక్రవారం నేనే తీసుకొస్తానని బయలుదేరాను, గాల్లో కుదరకపోతే నేల మీద అన్నాడు. ఇంకేం అనలేదు. నేనూ అడగలేదు. ఎల్లుండి బయలుదేరతాం."

మే 1

రోజంతా దుకాణానికి వెళ్ళలేదు. దారిలో ఒక్కో ఊరి పేరూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. విమానానికైతే నలభై అయిదు నిమిషాలు ఊపిరి బిగపడితే సరిపోయేది. రోడ్డుకి అంత ఊపిరి ఎవరి దగ్గర ఉంటుంది?

మే 2

నిన్న రాత్రి బాగా పొద్దుపోయాక వచ్చారు. మధ్యలో మట్టి కోసుకుపోయి ఒకచోట, టైరు పోయి ఒకచోట ఆగారట. అమ్మని ఇద్దరూ పట్టుకుని దించాం. మోకాళ్ళు పట్టేసి నిలబడలేకపోయింది, నోటికి మాత్రం ఏ ఇబ్బందీ లేదు.

ఇవాళ పొద్దున పలావ్ వండాను. అమ్మ తింటూ, కళ్ళు చికిలించి ఆయన వైపు చూసి, ఏ దాపరికమూ లేకుండా చెప్పింది.

"కలై-ఖుమ్‌లో చేప ముక్క చేత్తో పట్టుకుని ఎక్కడికో పోయాడు. నాకు కళ్ళు సరిగా కనబడవు, కానీ నమలడం ఆగిపోయిందని తెలిసింది. చొక్కా పట్టుకుని కూర్చున్నా. కాసేపటికి వచ్చాడు. ఏమైందని నన్నడిగాడు. నాయనా, నువ్విక్కడ లేవు, చేప మాత్రం ఉంది అన్నాను."

ఆయన తల ఎత్తలేదు. పలావులో క్యారెట్టు ముక్కలు పక్కకి తీసి పెడుతున్నారు. ఆయనకి క్యారెట్టు ఇష్టమే.

అమ్మ నిద్రపోయాక బాల్కనీలోకి పిలిచారు. పిలవడం అంటే, తలుపు తెరిచి ఉంచారు. వెళ్ళి నిలబడ్డాను.

"కింద ఊళ్ళున్నాయి" అన్నారు. వారం తర్వాత మొదటి మాట. "అన్నేళ్ళు పైనుంచి పోయాను, కొండలే చూశాను. పంజ్ నది ఒడ్డున గుప్పెడు నేలలో కూడా గోధుమ వేశారు. ఒకావిడ మాకు నీళ్ళిచ్చింది. నేనెవరో తెలీదు ఆవిడకి."

"కోపం పోయిందా?" అని అడిగాను. అడగాల్సింది కాదు.

"పోలేదు. పోతుందని కూడా చెప్పలేను." గోడకి ఆనుకుని అన్నారు, "నువ్వు డాక్టరమ్మకి చెప్పావని కాదు. ఆవిడకి చెప్పావు, నాకు చెప్పలేదు. మీ అమ్మ ఒక్కపూటలో చెప్పేసింది. నేను కొండ ఒక్కటే పోయిందనుకుంటున్నాను, నువ్వేమో ఇంట్లో నన్ను చూస్తూ ఊరుకున్నావు."

ఏమని చెప్పను? మిమ్మల్ని భయపెట్టకూడదని అందామనుకున్నాను. అది నిజం కాదు. ఆయనకి చెబితే అది నిజమైపోతుందని నా భయం.

"ఆ బల్లగుడ్డ నేను తడపలేదు" అన్నాను.

అర్థం కాలేదు ఆయనకి. మొత్తం చెప్పాను. కెటిల్, పియాలా, మోకాళ్ళు. ఆయన తన మోకాళ్ళ వైపు చూసుకున్నారు.

"ఎన్నిసార్లు?"

డాక్టరమ్మకి రెండన్నాను. ఈ డైరీలో కూడా ఒకటే రాశాను, రెండోది ఆయన నోటితో చెప్పింది. ఇది ఎవరూ చదవరని తెలిసీ రాయలేదు. ఫిబ్రవరిలో గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఆగిపోయారు. నవ్‌రూజ్ పండగ నాడు చుట్టాలందరి మధ్యా, నేను పాట అందుకుని ఎవరికీ తెలియనివ్వలేదు. ఈమధ్య ఒకసారి మెట్ల మీద, రెయిలింగు పట్టుకుని.

"అయిదు" అన్నాను. "కొండ కలిపితే. చేప కాకుండా."

కింద పిల్లలు బంతి ఆడుతున్నారు. ఒకడు తన్నిన బంతి మా బాల్కనీ కింది గోడకి తగిలి వెనక్కి పోయింది.

"సోమవారం అత్తయ్యని కంటి ఆసుపత్రిలో దింపాక, తల డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. నువ్వూ రా" అన్నారు. "నేను లేనప్పుడు ఏం జరిగిందో నాకు తెలీదు కదా. ఆయన అడిగితే నువ్వే చెప్పాలి."

"వస్తాను."

"అయిదనే చెప్పు బేగిమ్. తగ్గించకు."